సగం ఫొటో

కరీంనగర్‌లో మా చెల్లి పెళ్లి ఫొటోలు రెండు హార్డ్‌డిస్కుల్లో దాచాం. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని ధీమా! మొన్న తెరిచి చూస్తే అప్పగింతల ఫొటో పైసగం బాగానే ఉంది, కిందసగం బూడిదరంగు పట్టీ. రెండో డిస్కులోనూ అంతే. కెమెరా కార్డు నుంచి మొదటి డిస్కులోకి ఎక్కేటప్పుడే చెడిందన్నమాట. రెండోది దాని నకలేగా! అందులో ఉన్న చిన్నాయన ఇప్పుడు లేరు.

"సరిచూసుడంటే రాత్రంతా పడ్తదక్కా. తెల్లారితే వ్రతం, నాకేడ తీరింది?" అన్నాడు తమ్ముడు.

వాణ్ని తిట్టలేకపోయాను. సరిచూడ్డానికి కంప్యూటర్లు వాడేది 'చెక్‌సమ్'. ఫైలంతా చదివి, లెక్కగట్టి, చివరికి ఒక అంకె తేలుస్తారు. అసలుదీ నకలుదీ ఆ అంకె కలవకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. చిక్కల్లా లెక్కకు పట్టే సమయంతోనే.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో 'ఆర్‌సింక్' విడుదల చేశారు. ఉచితం, కోడు ఎవరైనా చూసి దిద్దొచ్చు. పాత నకలులో ఉన్న ముక్కలు కొత్త ఫైల్లో ఎక్కడున్నాయో వెతికి, లేనివాటినే పంపుతుంది. ఆ ముక్క ఎక్కడ మొదలవుతుందో తెలియదు కాబట్టి ఒక్కో బైటూ జరుగుతూ లెక్క చూడాలి. అదెంత పని!

ఆదిలాబాద్ వైపు తునికాకు కల్లం చూసినవాళ్లకు దాని ఉపాయం ఇట్టే తెలుస్తుంది. కట్టకు 50 ఆకులు. ముందునుంచి ఒకటి తీసి వెనక ఒకటి చేరిస్తే కట్టంతా మళ్లీ లెక్కపెడతామా? ఆర్‌సింక్ కూడా వెళ్లిన బైటును తీసేసి, వచ్చినదాన్ని కలుపుకుంటుంది. ఉత్త కూడికైతే అంకెలు తారుమారైనా మొత్తం మారదు. అందుకని స్థానాన్ని బట్టి ఇంకో కూడిక కూడా వేస్తారు. అవి కలిసిన చోట మాత్రమే గట్టి లెక్క.

ఆ గట్టి లెక్కకు మొదట ఎండీ4, 2008 నుంచి ఎండీ5 వాడారు. 2020లో వచ్చిన 3.2.0 వెర్షన్‌లో యాన్ కోలెట్ రాసిన ఎక్స్ఎక్స్‌హాష్ చేరింది. ఇది ఎండీ5 కన్నా ఎన్నో రెట్లు వేగం. జరిగే లెక్కను కూడా ప్రాసెసరు ఒకే దెబ్బకు అనేక బైట్ల మీద చేసేలా తిరగరాశారు.

అయితే ఒక మాట. మా ఇంట్లోలాంటి పాత తిరిగే డిస్కు చదవడమే నిదానం, దానికి లెక్క ఎంత వేగమైనా ఒరిగేది తక్కువే. ఎస్ఎస్‌డీలకైతే తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి, ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజూ, మార్చిన సమయమే చూసి 'రెండూ ఒకటే' అనుకుని వదిలేస్తుంది. లోపలిదాకా చూడమని మనమే చెప్పాలి.

తమ్ముడిప్పుడు రాత్రి అన్నం తినేముందు ఆ పని పెట్టి పోతున్నాడు. చిన్నమ్మ మాత్రం ఆ సగం ఫొటోకే ఫ్రేము కట్టించుకుంది.