అందరూ కుండలో పుట్టారా?

ఈమధ్య మావైపు వంశవృక్షాలు అచ్చువేయించే సరదా బాగా పెరిగింది. ఒడుగులకీ, షష్టిపూర్తులకీ తాంబూలంతోపాటు ఒక పుస్తకం చేతిలో పెడుతున్నారు. నున్నటి కాగితం, రంగుల అట్ట, మడతలు విప్పితే మంచమంత చెట్టు! జగ్గయ్యపేట, నందిగామ వైపు కుటుంబాలవి నా దగ్గర ఇప్పటికి అరడజను పోగయ్యాయి. శ్రద్ధగానే చదివాను. ఎనిమిదేసి, పదేసి తరాల మగవాళ్ళు వరసగా ఉన్నారు. తండ్రికి నలుగురు కొడుకులు, ఆ నలుగురికీ పన్నెండుమంది... కన్నతల్లుల పేర్లు మాత్రం లేవు. వీళ్ళంతా ద్రోణాచార్యులవారిలాగా కుండల్లోంచి పుట్టుకొచ్చారేమోనని అనుమానం వచ్చింది. ద్రోణుడంటే ఒక్కడు. మునేటి ఒడ్డున ఇన్ని కుండలెక్కడివండీ?

కూతుళ్ళ సంగతి మరీ విచిత్రం. “ఇద్దరు కుమార్తెలు” అని ఉంటుంది, అంతే. పాడి ఆవులకైనా మనవాళ్ళు పేర్లు పెట్టుకుంటారు.

అడిగితే అందరిదీ ఒకటే జవాబు: “ఆడవాళ్ళ పేర్లకి ఆధారాలు లేవమ్మా.” లేకపోవడమంటే ఏమిటో చూద్దామని, మా తాతగారి ముత్తాతగారి భార్య ఎవరో తెలుసుకోవడానికి పూనుకున్నాను. ఆయన నందిగామ తాలూకాలో కాస్త మాన్యం ఉన్న మనిషి. ఆవిడ “చిల్లకల్లు ఆవిడ”. కోడలిని పుట్టింటి ఊరుపేరుతో పిలవడం మన ఇళ్ళలో మర్యాద కదా! ఆ మర్యాదలో అసలు పేరు కొట్టుకుపోయింది. అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరయితే పెళ్ళినాడే కోడలి పేరు మార్చేసిన ఇళ్ళు కూడా నాకు తెలుసు.

సర్కారు దస్త్రాలలో ఆయనగారు ఇట్టే దొరికారు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ఏ మాన్యం ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వారి వయసెంత అని ఊరూరా వ్రాయించింది. పొలం తగాదాలొస్తే ఆ రిజిస్టర్లు ఈనాటికీ కోర్టు మెట్లెక్కుతూనే ఉన్నాయి. మా పెద్దాయన అందులో వయసుతో సహా ఉన్నారు. ఆవిడ లేదు. ఉండాలంటే ఆయన పోవాలి! హాస్యానికి అనడం లేదు. అలాంటి కాగితాలలో ఆడపేరు కనబడిందంటే చాలామటుకు ఆమె భర్త పోయిన మనిషే. 1871లో జనాభా లెక్కలు తీశారు. అందులో ఆవిడ ఉండే ఉంటుంది, ఒక అంకెగా. మనకి మిగిలింది మొత్తాలే, ఇంటింటి పేర్లు కావు.

పోనీ తద్దినం పెట్టేటప్పుడు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు చెబుతారు కదా అంటారేమో. చెబుతారు. మూడు తరాల వరకే. కొత్తగా ఒకావిడ ఆ వరసలో చేరగానే పైనున్న ఆవిడ జారిపోతుంది. మగవాళ్ళూ అలాగే జారతారు గానీ, వాళ్ళకి పట్టుకోవడానికి పట్టాలున్నాయి, పహాణీలున్నాయి.

చివరికి ఆవిడ ఎక్కడ దొరికిందనుకున్నారు? పాత దస్తావేజుల నకళ్ళలో, ఒక దత్తత పత్రంలో. భర్త సంతానం లేకుండా పోయాడు. భర్త ముందుగా అనుమతి ఇవ్వకపోయినా, జ్ఞాతులు ఒప్పుకుంటే విధవ దత్తు చేసుకోవచ్చని 1868లో రామనాథపురం కేసులో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తీర్పిచ్చి ఉంది. ఆ దారినే ఈవిడ జ్ఞాతులను ఒప్పించి, వాళ్ళ పిల్లల్లోంచి ఒకణ్ణి ఎంచుకుని పెంచుకుంది. పత్రం చివర నిశాని. సంతకం రాని మనిషి. ఆ పిల్లవాడే మా తాతగారికి తాత! ఇవాళ మేమంతా ఈ ఇంటిపేరు పెట్టుకుని తిరుగుతున్నామంటే ఆవిడ చలవ. చెట్టులో మాత్రం ఆయన దగ్గర్నుంచి ఈ పిల్లవాడిదాకా తిన్నగా ఒక గీత గీశారు.

ఈ నకలు తీసుకెళ్ళి మా పుస్తకం వేయిస్తున్న పెదనాన్నగారి అబ్బాయికి చూపించాను. “దత్తత సంగతి ఇప్పుడెందుకమ్మాయ్, పరువు తక్కువ. అయినా చెట్టులో చోటేదీ?” అన్నాడు. పరువుట! జగ్గయ్యపేటకి తన తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారికి ఉన్నది దత్తపుత్రులే. ఆయన 1816లో పోయాక ఆ దత్తతల మీద వ్యాజ్యాలు నడిచి నడిచి, 1846లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి తేలాయి. ఆ కేసు పేరేమిటో తెలుసా? “రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ”. లా చదివేవాళ్ళకి కంఠతా వచ్చిన పేర్లు. ఆస్తి కోసం కోర్టుకెక్కితే ఆడవాళ్ళ పేర్లు లండన్‌లో అచ్చవుతాయి. కాపురం చేసి, వంశాన్ని నిలబెడితే సొంత ఇంటి పుస్తకంలో చోటుండదు!

ఇది మన ఆచారమనీ, పూర్వంనుంచీ అంతేననీ సమర్థించేవాళ్ళున్నారు. వాళ్ళు జగ్గయ్యపేట ధనంబోడు మీద బయటపడ్డ శాసనం సంగతి వినాలి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ బౌద్ధస్తూపం తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి ఆ స్తూపానికి స్తంభాలు ఇచ్చుకున్నాడు. రాజూ కాదు, మంత్రీ కాదు, చేతిపని చేసుకునేవాడు. పుణ్యమంతా తనకే అనుకోలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కూతురు నాగబుధనిక, తమ్ముడి భార్య కనిక అని పేరుపేరునా రాతిమీద చెక్కించాడు. రాతిమీద ఒక్కొక్క అక్షరం ఉలితో చెక్కాలి. చోటు చాలదని అతను అనలేదు. కంప్యూటరు మీద చెట్టు గీసేవాళ్ళకి చాలదట!

అంతదూరం ఎందుకు, మన పెనుగంచిప్రోలే చూడండి. తిరుపతమ్మ తిరునాళ్ళకి జనం విరగబడతారు. ఆడది దేవతయితే పేరు మరిచిపోరు. ఆ ఊళ్ళోనే 1874లో భండారు అచ్చమాంబగారు పుట్టారు. బడి మొహం ఎరగని మనిషి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి చదువు పక్కన కూర్చుని తాను చదువు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ జీవితాలు వెతికి వెతికి కూర్చి 1901లో “అబలా సచ్చరిత్ర రత్నమాల” వెలువరించారు. ముప్పయ్యేళ్ళు నిండీ నిండగానే 1905లో పోయారు. ఆవిడ 1902లో వ్రాసిన “ధనత్రయోదశి” కథ ఉండగానే, 1910 నాటి “దిద్దుబాటు”ని మొదటి కథగా మనం ఎన్ని దశాబ్దాలు చదువుకున్నామో! అచ్చులో ఉన్న మనిషినే అంతకాలం పక్కన పెట్టగలిగినవాళ్ళం. నిశాని మనిషి ఏ లెక్క?

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. “మీ అత్తగారి అత్తగారి పేరేమిటి?” అని అడిగితే వెంటనే తోచదు. ఆవిడ ఏ ఊరి పిల్ల, పురుళ్ళకి ఎక్కడికి వెళ్ళేది, ఆవిడ పేరు ఏ మనవరాలికి పెట్టారు అని అడగండి. నందిగామలో ఉన్న మా మేనత్త అలా అడిగేసరికి వంటింటి గడప మీద కూర్చుని ఐదు తరాల ఆడపేర్లు చెప్పింది. చిల్లకల్లు ఆవిడ పేరు కూడా! దత్తత పత్రంలో ఉన్న పేరే.

ఆ పేరు ఇక్కడ వ్రాయను. ముందు మా ఇంటి పుస్తకంలో పడాలి. పడేదాకా అచ్చు ఖర్చుకి చందా ఇవ్వనని అన్నయ్యకి ఉత్తరం వ్రాశాను. జవాబు రాలేదు. మా వదిన మాత్రం ఆయన లేని వేళ చూసి ఫోన్ చేసింది.

“నా పేరు కూడా లేదు అందులో, చూశావా అమ్మాయ్?” అంది.