మామిడి వైన్ మన విస్తరికి పరాయిదా?



శీర్షిక చూడగానే మన సంఘం పెద్దలు కొందరికి కోపం వస్తుందని తెలుసు. దయచేసి చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టండి. అలవాటు లేనివాళ్లను తాగమని చెప్పడానికి ఇది రాయడం లేదు. తాగుడుతో చితికిపోయిన నేత ఇళ్లు, బీడీ కార్మికుల ఇళ్లు గుడియాత్తంలో మనందరికీ తెలిసినవే. అయినా ఈ సంగతి ఎందుకు ఎత్తుతున్నానంటే, దాని మూలం మన మామిడి తోటల్లో ఉంది.

2025 వేసవిలో తోతాపురి రైతు పడిన అవస్థ గుర్తుందా? మనం బెంగళూరా అంటామే, ఆ కాయే. గుజ్జు ఫ్యాక్టరీలు కొంటేనే దానికి విలువ. ఆ ఏడాది ధర పడిపోతే ఆంధ్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ఖరారు చేసింది. అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4. జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య దాని మీద లేఖ కూడా రాశారు. మనకు పరదరామి దాటితే చిత్తూరు జిల్లానే. దగ్గరి ఫ్యాక్టరీ సరిహద్దుకు అవతల, తోట ఇవతల. ఒకే సరుకు, ఒకే రకం కొనుగోలుదారు ఉన్నప్పుడు రైతు బతుకు ఇట్లాగే ఉంటుంది. ఆ కాయకు ఇంకో దారి కావాలి. మామిడి వైన్ అలాంటి దారుల్లో ఒకటని నా అభిప్రాయం.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిశోధకులు మామిడి పండ్లతో వైన్ చేసి, దాని గుణాల మీద 2005లోనే అంతర్జాతీయ పత్రికలో వ్యాసం ప్రచురించారు. పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. గుజ్జులో పెక్టినేజ్ అనే ఎంజైమ్ కలిపితే చిక్కదనం విరిగి రసం దిగుతుంది. ఆ రసంలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. తోతాపురిలో తీపి తక్కువ కాబట్టి, విడిగా చక్కెర వేయకపోతే ఎనిమిది, తొమ్మిది శాతం దగ్గర ఆగే తేలిక వైన్ వస్తుంది. చక్కెరంతా ఈస్ట్ తినేస్తే పండు వైన్ తియ్యగా కూడా ఉండదు. పండు వైన్ అంటే దగ్గు మందులాంటి సిరప్ అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

సరే, వైన్ చేశారు. దాన్ని ఏ తిండితో తీసుకోవాలి? దీనికి జవాబు లేకపోతే కొనేవాడు ఉండడు. తెల్ల వైన్ చేపకు, ఎర్ర వైన్ మాంసానికి అని ఒక సూత్రం అందరూ అప్పజెబుతారు. వెన్న, నిమ్మరసంతో చేప వండుకునే దేశంలో పుట్టిన సూత్రం అది. మన చేపల పులుసులో చింతపండు, మిరపపొడి, మెంతులు ఉంటాయి. కాబట్టి చేపా మాంసమా అని కాకుండా కారమెంత, పులుపెంత అని అడగాలి.

కారానికి ఆల్కహాల్ తోడైతే మంట పెరుగుతుంది. ఎర్ర వైన్‌లోని వగరు ఆ మంటను ఇంకా మొరటు చేస్తుంది. కొంచెం తీపి మిగిలిన, ఆల్కహాల్ తక్కువున్న తెల్ల వైన్ ఆ మంటను తగ్గిస్తుంది. పులుపున్న కూర పక్కన వైన్‌లోనూ పులుపుండాలి, లేకపోతే అది చప్పబడిపోతుంది.

ఈ లెక్కతో మన విస్తరి చూద్దాం. చేపల పులుసుకు బాగా పుల్లటి సావిన్యాన్ బ్లాంక్. గోంగూర మాంసానికి కొద్దిగా తీపి ఉన్న రీస్లింగ్. సీరగ సాంబా బియ్యంతో చేసే ఆంబూరు బిర్యానీ, పక్కన వేలూరు ముళ్ల వంకాయ కూర ఉంటే నాసిక్ చెనిన్ బ్లాంక్ బాగుంటుంది. మామిడి వైన్ నిలబడగలిగే చోటు కూడా ఇదేనని నా నమ్మకం. మసాలా వడకు, చేపల వేపుడుకు బుడగల వైన్. ఓళిగలకు వాటికంటే తియ్యటి వైన్ కావాలి, లేకపోతే వైన్ పుల్లగా తోస్తుంది. ఆవకాయ అన్నానికి మాత్రం ఏ వైనూ వద్దు, మజ్జిగే మేలు.

రుచి చూడటానికి నిపుణుడు అక్కర్లేదు. సీసాను 8 నుంచి 10 డిగ్రీలకు చల్లబరచాలి. మన మే నెల ఎండకు బయట పెడితే పాడే. గ్లాసులో మూడో వంతే పోసి, వాసన చూసి, చిన్న గుక్క నోరంతా తిప్పాలి. తర్వాత ఒక ముద్ద తిని ఇంకో గుక్క తీసుకోవాలి. రెండో గుక్క మొదటిదానికంటే బాగుంటే జత కుదిరినట్టు. వృత్తిగా రుచి చూసేవాళ్లు ఎక్కువగా మింగరు, ఉమ్మేస్తారు. మత్తు కోసం చేసే పని కాదది.

ఇప్పుడు అసలు అభ్యంతరం. వైన్ కూడా మద్యమే. ఇంత తాగితే క్షేమం అనే కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పన్నెండు శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 60 మిల్లీలీటర్ల బ్రాందీలో దాదాపు 20. తేడా ఉంది, కానీ పండు పేరు చెప్పి దాన్ని మందుగా అమ్మితే అది మోసమే. ఇంట్లో కుండలో పులియబెట్టుకోవడమూ వద్దు. లైసెన్సు లేకుండా చేస్తే మన రాష్ట్రంలో నేరం.

అయితే 2003 నుంచి చిల్లర మద్యం అమ్మకమంతా టాస్మాక్ చేతిలోనే నడుస్తున్న రాష్ట్రం మనది. బ్రాందీ సీసాకు ఊరూరా కౌంటరు దొరికినప్పుడు, రైతు పండుతో చేసే వైన్‌కు మాత్రం నీతులు ఎందుకు అడ్డం రావాలి? స్థానిక పండ్లతో వైన్ చేసే చిన్న వైనరీల కోసం కేరళ 2022లో నియమాలు తెచ్చింది. మనమూ అడగవచ్చు.

నా ప్రతిపాదన చిన్నది. వచ్చే మామిడి కాపుకు ముందు మన సంఘం తోట రైతులను, తిరుపతి నుంచి ఈ విషయం తెలిసిన శాస్త్రవేత్తను పిలిచి ఒక మాటామంతీ పెట్టాలి. ఆ సభలో సీసా ఉండదు, లెక్కలే ఉంటాయి. కిలో కాయకు వైనరీ ఎంత ఇవ్వగలదు, లైసెన్సుకు ఎంతవుతుంది, సరుకు ఎక్కడ అమ్మాలి అన్నవి తేలాక, లాభం కనబడితే రెండు ప్రభుత్వాలకూ వినతిపత్రం ఇద్దాం. కనబడకపోతే అక్కడితో వదిలేద్దాం.

తోటలున్న అన్నలు, అక్కలు ముందు మీ మాట చెప్పండి. గత రెండు కాపుల్లో మీకు కిలోకు చేతికొచ్చింది ఎంతో రాయండి. మన లెక్క అక్కడినుంచే మొదలుపెడదాం.