బొమ్మలు - బతుకులు

ఒక దేశపు పారిశ్రామిక ప్రగతికి ఉక్కు కర్మాగారాలే కొలమానమని సాధారణంగా భావిస్తారు. కాని పసివాని చేతిలోని బొమ్మ సైతం ఆ దేశపు ఉత్పత్తి సామర్థ్యాన్ని వెల్లడించగలదు. ఆ బొమ్మను ఎవరు చేశారు, దాని వెల ఎవరి ఇంటికి చేరుతున్నది అనే ప్రశ్నలు ఎన్నో కుటుంబాల జీవనాధారంతో ముడిపడి ఉన్నాయి.

బొమ్మల తయారీలో తెలుగు నేలకు ఘనమైన వారసత్వం ఉంది. కొండపల్లి కళాకారులు తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, అంబారీ ఏనుగులకూ దశావతారాలకూ రూపమిస్తారు. వరాహ నదీతీరంలోని ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రపై రంగు లక్క అద్ది నిగనిగలాడే బొమ్మలు చేస్తారు. తెలంగాణలో నిర్మల్ కొయ్యబొమ్మలు ప్రసిద్ధి వహించాయి.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. భారతదేశం దిగుమతులపై మిగిలి ఉన్న పరిమాణాత్మక ఆంక్షలను 2001 ఏప్రిల్ 1 నాటికి తొలగించింది. అచ్చులు, మోటార్లు, ప్లాస్టిక్కు, రేవు ఒకేచోట అందుబాటులో ఉన్న చైనా పరిశ్రమ చవక బొమ్మలతో అంగళ్లను నింపింది. 2018-19లో బొమ్మల దిగుమతి దాదాపు 37 కోట్ల డాలర్లకు చేరింది. 2019లో భారత నాణ్యతా మండలి జరిపించిన పరీక్షల్లో దిగుమతి బొమ్మలలో అధికభాగం భద్రతా ప్రమాణాలను అందుకోలేకపోయాయి.

అప్పుడు ప్రభుత్వం మేల్కొన్నది. బొమ్మలపై సుంకాన్ని 2020లో 20 శాతం నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుండి భద్రతా ప్రమాణముద్రను తప్పనిసరి చేసి, నమోదైన హస్తకళాకారులకు మినహాయింపునిచ్చింది. 2021-22 నాటికి దిగుమతి దాదాపు 11 కోట్ల డాలర్లకు తగ్గింది.

ఈ రక్షణ సమంజసమైనదే. లేత మొక్కకు కంచె అవసరం. అయితే కంచె కట్టినంత మాత్రాన చేను పండదు. సుంకం భారం చివరకు కొనుగోలుదారుపైనే పడుతుంది. నాణ్యత పెరగకుండా ధర మాత్రమే పెరిగితే ఆ త్యాగం వ్యర్థమవుతుంది. మోటారు కార్ల చరిత్ర ఇందుకు నిదర్శనం. దశాబ్దాల పాటు తగిన పోటీ ఎరుగని అంబాసిడర్ కారులో చెప్పుకోదగిన మార్పు రాలేదు. 1983లో మారుతి 800 వచ్చాక దాని ప్రాభవం క్రమంగా క్షీణించింది. 2014లో ఉత్పత్తి నిలిచిపోయింది.

మరొక సంగతి కూడా గమనింపదగినది. దిగుమతులు తగ్గినప్పుడు ఆ ఖాళీని ముందుగా నింపేది పెద్ద ప్లాస్టిక్ కర్మాగారమే గాని కొండపల్లి కళాకారుని ఇల్లు కాదు. సుంకం వల్ల కలిగిన లాభం అతనికి దానంతటది చేరదు. అతనికి కావలసినవి వేరు: పొణికి, అంకుడు చెట్ల పెంపకం, అందుబాటు వడ్డీకి అప్పు, కొత్త నమూనాలలో శిక్షణ, దళారి లేని విక్రయకేంద్రం. కర్మాగారానికి కావలసినవి అచ్చుల తయారీ, పరీక్షాశాలలు, విడిభాగాల పరిశ్రమ. ఈ రెండు అవసరాలనూ ఒకే మందుతో తీర్చలేరు.

కాబట్టి రక్షణకు గడువు ఉండాలి. ఆ గడువులో సాధించవలసిన ప్రమాణాలు ముందే నిర్ణయం కావాలి. స్వదేశీ వస్తువును జాలితో ఒకసారి కొంటారు, నాణ్యత చూసి మళ్లీ మళ్లీ కొంటారు. కళాకారుని కుమారుడు తండ్రి చేతి ఉలిని గౌరవంగా అందుకోగలిగిన నాడే స్వదేశీ ఉద్యమం సార్థకమవుతుంది.