షుగర్ రోగి మందు మానేసే పరిస్థితిని మార్చాలని వినతి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,
ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల కలెక్టర్ల ద్వారా,

విజయవాడ నగరంలోను, కృష్ణా డెల్టా గ్రామాల్లోను నివసిస్తున్న మధుమేహ రోగులు, వారి కుటుంబ సభ్యులు సమర్పిస్తున్న వినతిపత్రం.

అయ్యా,

షుగర్ ఉందని తెలిసి కూడా మాలో చాలామంది పరీక్షలకు రారు. మాత్రలు మధ్యలో ఆపేస్తారు. కాలి పుండు నల్లబడ్డాకనో, చూపు మసకబారాకనో ఆసుపత్రి మెట్లెక్కుతారు. ఇది నిజం, దాన్ని కాదనడానికి ఈ వినతిపత్రం రాయడం లేదు. కానీ ప్రతిసారీ తప్పంతా రోగి నిర్లక్ష్యానిదేనని తేల్చి ఊరుకోవడం సరికాదు. ఆ నిర్లక్ష్యం వెనుక కారణాలున్నాయి. వాటిలో చాలావరకు మీ శాఖ తలచుకుంటే తొలగించగలిగినవే. అందుకే ఈ మనవి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ఇక మందు మానేయడం ఒక్క డెల్టా వాళ్ళ అలవాటు కాదు. సంపన్న దేశాల్లో సైతం దీర్ఘకాలిక రోగుల్లో సగం మందే చెప్పినట్టు మందులు వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే నివేదించింది. సంపన్న దేశాల్లోనూ సగం మంది చేస్తున్న పనికి మనుషుల గుణం ఒక్కటే కారణమనడం కష్టం.

ఈ జబ్బుకు నొప్పి లేదు. పంటి పోటుకు అర్ధరాత్రి డాక్టరును వెతుక్కునే మనిషి, పరగడుపు షుగర్ 250 ఉన్నా టిఫిన్ తిని ఆటోనగర్‌లో పనికి వెళ్ళిపోతాడు. దానికి తోడు, బాధ పెట్టని జబ్బుకు ఇచ్చిన మందు బాధ పెడుతుంది. మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపులో వికారం, విరేచనాలు తేవచ్చు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, తిండితో పాటు వేసుకుంటే చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఈ మాట చెప్పేవారు లేక మాత్రల అట్టలు గూట్లోనే ఉండిపోతున్నాయి.

దివిసీమలో నాట్లకు పోయే మహిళ సంగతి ఇంకా తీవ్రం. తెల్లవారకముందే ఆటో ఎక్కాలి. గ్లిమెపిరైడ్ మాత్ర మింగి, సరిగా తినకుండా, ఎండలో వంగి పనిచేస్తే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. ఒక్కసారి గట్టు మీద కూలబడ్డాక ఆమె ఆ మాత్ర మళ్ళీ ముట్టదు. షుగర్ పెరిగినప్పుడు ఆమెకు ఏమీ తెలియలేదు. మాత్ర వేసుకున్నప్పుడు పడిపోయింది. తన కంటికి కనిపించిన సాక్ష్యాన్ని బట్టి ఆమె తీసుకున్న నిర్ణయంలో తర్కలోపం ఏమీ లేదు. ఆ మాత్ర తిండితో పాటే వేసుకోవాలని, తినడం కుదరని పూట ఏం చేయాలో, కొంగున కాస్త చక్కెర ఎందుకు కట్టుకోవాలో ఆమెను కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. ఆమె చేతిలో ఉన్నదల్లా రోజుకు రెండు అని రాసిన చీటీ.

పరీక్షల తీరు కూడా కూలి మనిషికి కుదరనిది. పరగడుపున ఒకసారి, తిన్న 2 గంటలకు మరోసారి రక్తం ఇచ్చి, ఫలితం తెచ్చుకుని, మళ్ళీ ఓపీ వరుసలో నిలబడేసరికి ఆ రోజు కూలి పోయినట్టే. మందులేమో చాలాచోట్ల పదిహేను రోజులకో, నెలకో ఇస్తారు. ఇంట్లో చూసుకోవడానికి పాతిక స్ట్రిప్పుల డబ్బా కొనాలంటే దాదాపు ఒక రోజు కూలి పెట్టాలి. కాబట్టి పరీక్షకు వెళ్ళడం ఎప్పటికప్పుడు వచ్చే నెలకు వాయిదా పడుతుంది.

తిట్లకు భయపడి మానేసేవారి గురించి కూడా చెప్పాలి. అంకె ఎక్కువ వస్తే డాక్టరు కోప్పడతారని, పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రమే పథ్యం చేసి మాత్రలు మింగి వెళ్ళేవారు మాలో తక్కువేమీ కాదు. అప్పుడు వచ్చిన మంచి అంకె డాక్టరునూ మోసం చేస్తుంది, రోగినీ మోసం చేస్తుంది. "అన్నం మానేయండి" అన్న సలహా సంగతీ ఇంతే. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా పండిస్తున్నది వరి, రేషన్‌లో ఇస్తున్నది బియ్యం. పాటించలేని సలహా ఒకటి ఇస్తే, దానితో పాటు పాటించగలిగిన సలహాలు కూడా గాలికి పోతాయి.

ఇంటి లోపలి కారణాలు వేరు. భర్తకు షుగర్ అయితే భార్య విడిగా వండి పెడుతుంది, ఆమెకు వస్తే అందరూ తిన్నాక మిగిలిందే ఆమె పథ్యం. పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఇన్సులిన్ సీసాను చుట్టాలకు కనబడకుండా దాచే ఇళ్ళున్నాయి. ఇన్సులిన్ అంటే ఇక ఆఖరి దశేనన్న భయం ఒకటి, మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయన్న పుకారు ఒకటి. ఈ రెండింటి సందులోకి షుగర్‌ను సమూలంగా నయం చేస్తామనే ప్రకటనలు దూరుతున్నాయి. కాకర రసం, పొడపత్రి ఆకు, నేరేడు గింజల పొడి ఎవరి ఇష్టం వారిది. వాటిని నమ్మి మందు ఆపేయడమే ప్రమాదం.

ఇవన్నీ మీకు తెలియనివి కావని మా నమ్మకం. అయినా ఖర్చు ఎక్కడ పెడుతున్నామో ఒకసారి పరిశీలించమని కోరుతున్నాం. కిడ్నీలు చెడి డయాలసిస్‌కు చేరిన రోగికి ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పెన్షన్ ఇస్తోంది. డయాలసిస్ ఖర్చును ఎన్టీఆర్ వైద్యసేవ భరిస్తోంది. అందుకు కృతజ్ఞులం, అందులో ఒక్క రూపాయి తగ్గించమని అడగం. కాని కిడ్నీలు చెడక ముందు పదేళ్ళపాటు అదే రోగికి అందవలసిన పరీక్ష, సలహా, మాత్ర వీటికన్నా ఎంతో చవక. మూడు నెలల సగటు షుగర్ ఒక్క శాతం తగ్గితే కళ్ళు, కిడ్నీల వంటి చోట్ల చిన్న రక్తనాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయని బ్రిటన్‌లో జరిగిన సుదీర్ఘ అధ్యయనం 2000లో తేల్చింది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రథమ కర్తవ్యాల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. ఆ కర్తవ్యం మేరకే మా డిమాండ్లు ఇవి.

మొదటిది. షుగర్ నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. నడవలేని వృద్ధులకు ఇంటికే చేర్చాలి. ప్రతి నెలా 1వ తేదీన సచివాలయ సిబ్బంది పెన్షన్ పట్టుకుని గడప దగ్గరికి వస్తూనే ఉన్నారు. అదే చేత్తో మాత్రల పొట్లం కూడా ఇవ్వడానికి కొత్త వ్యవస్థ అక్కర్లేదు, రెండు శాఖల మధ్య ఒక ఉత్తర్వు చాలు.

రెండవది. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, పట్టణ ఆరోగ్య కేంద్రంలోను ఆరు నెలలకోసారి ఉచితంగా చేయాలి. దీనికి పరగడుపు అవసరం లేదు, పనికి వెళ్ళే దారిలోనో వచ్చే దారిలోనో రక్తం ఇచ్చి పోవచ్చు. రెండు రోజుల పథ్యంతో ఈ అంకెను మార్చడమూ కుదరదు. విజయవాడలో సింగ్‌నగర్, కృష్ణలంక, వించిపేట, ఆటోనగర్ వంటి కార్మిక ప్రాంతాల్లో వారానికి రెండు సాయంత్రాలైనా షుగర్ ఓపీ నడపాలి.

మూడవది మాకు అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి కేంద్రంలో రోగితో కూర్చుని మాట్లాడటానికి శిక్షణ పొందిన ఒక నర్సునో, ఆరోగ్య కార్యకర్తనో కేటాయించాలి. వారి పని మందలించడం కాదు. మాత్ర ఎందుకు ఆపావని అడగడం, చెప్పింది వినడం, ఆ కారణాన్ని డాక్టరుకు చేరవేయడం. షుగర్ పడిపోయే అవకాశం ఉన్న మందులు, ఇన్సులిన్ వాడే కూలీలకు గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వాలి. గ్లార్జిన్ ఇన్సులిన్ 2022 జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో చేరింది కనుక, అవసరమైనవారికి అది జిల్లా కేంద్రం దాకా వెళ్ళకుండానే దొరకాలి.

నాలుగవది. ఏడాదికోసారి కంటి తెర పరీక్ష, పాదాల పరీక్ష ప్రతి రోగికీ జరగాలి. ఇక్కడ మా ప్రాంతానికే చెందిన విషయం ఒకటి ఉంది. ఏటా వేలమంది భవానీ దీక్షలో చెప్పులు లేకుండా నడిచి ఇంద్రకీలాద్రికి వస్తారు. వారిలో పాదాల స్పర్శ తగ్గిన షుగర్ రోగులుంటే, ముల్లు గుచ్చుకున్నా, కాలు బొబ్బలెక్కినా తెలియదు. దీక్షను వద్దనడం మా ఉద్దేశం కాదు. మాల వేసుకునే రోజుల్లోను, విరమణ సమయంలోను పాదాలు చూసే శిబిరాలు పెట్టాలి. ఒంటిపూట భోజనానికి తగ్గట్టు మందును సర్దుబాటు చేసే సిబ్బంది వాటిలో ఉండాలి. అయ్యప్ప దీక్షలకూ ఇదే వర్తిస్తుంది.

ఐదవది ఆహారం. అన్నం మానమనే కాగితం బదులు, రేషన్ బియ్యంతోనే కంచంలో ఎంత అన్నం, ఎంత పప్పు, ఎంత కూర పెట్టుకోవాలో చూపే బొమ్మల చీటీ తెలుగులో ఇవ్వాలి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మొదలై తిరిగి తెరుచుకున్న అన్న క్యాంటీన్లలో, కోరినవారికి అన్నం తగ్గించి కూర, పప్పు ఎక్కువ వడ్డించేలా ఆదేశించాలి. 5 రూపాయల ధర మారనవసరం లేదు.

ఆరవది. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, ఐంద్రజాలిక చికిత్సల చట్టం కింద నేరం. ఆ చట్టాన్ని కేబుల్ చానళ్ళ మీద, గోడ ప్రకటనల మీద, యూట్యూబ్ మీద ప్రయోగించాలి.

చివరిది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కుటుంబాలు రోజుల తరబడి మేడల మీద ఉండిపోయాయి. కరెంటు లేక ఫ్రిజ్‌లు ఆగిపోయాయి. ఇన్సులిన్ వాడేవారికి తిండి పొట్లం ఒక్కటే చాలదు. వరద సహాయ సామగ్రి జాబితాలో షుగర్ మాత్రలు, చల్లదనం చెడని పెట్టెల్లో ఇన్సులిన్ చేర్చాలి. ఇన్సులిన్ వాడేవారి వివరాలు వార్డు సచివాలయంలో ముందే ఉండాలి.

ఇక మా వంతు. పైవి సమకూరితే ఇచ్చిన తేదీకి వస్తాం, వేసుకోని మాత్రను వేసుకున్నామని చెప్పం, మా తోటివారు మందు ఆపితే ఆశా కార్యకర్తకు తెలియజేస్తాం. ఈ మాట రోగుల పక్షాన ఇస్తున్న హామీగా నమోదు చేసుకోవచ్చు.

వీటిలో మొదటి, రెండవ డిమాండ్లు ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లో వెంటనే మొదలుపెట్టవచ్చు. మిగతావాటిలో ఏది ఎప్పటికి వీలవుతుందో, ఏది వీలుకాదో, ఎందుకు వీలుకాదో 60 రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం. ఆ జవాబు మీద చర్చించడానికి మా ప్రతినిధులకు సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సమయం కేటాయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
విజయవాడ, కృష్ణా డెల్టా మధుమేహ రోగులు, వారి కుటుంబ సభ్యులు