వీసా లేకున్నా ప్రపంచ పౌరులే!

గ్లోబల్ సిటిజన్ అనగానే మనకు పాస్‌పోర్టు, వీసానే గుర్తొస్తాయి. కానీ నల్గొండ సంగతి చూడండి. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. అదే సమస్య ఉన్న కెన్యా, టాంజానియాల్లోనూ దాన్ని వాడి చూశారు. ఊరి సమస్యను లోతుగా పట్టించుకుంటే ప్రపంచానికీ పనికొస్తుందన్నమాట!

'ఇంగ్లిష్ బాగా నేర్చుకుంటా' అనేది కోరికే, లక్ష్యం కాదు. ఈ ఆర్నెల్లకు ఇలా రాసుకోండి: ఐరాస 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మీ ఊరికి సంబంధించింది ఒకటి ఎంచుకోవాలి. అదే ఇబ్బందిని మరో దేశం ఎలా ఎదుర్కొంటోందో వారానికో వ్యాసం చదవాలి. నెలకో పేజీ ఇంగ్లిష్‌లో రాయాలి. రేపు ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అంటే, బట్టీ పట్టింది కాకుండా సొంతంగా చెప్పడానికి మీ దగ్గర విషయం ఉంటుంది.