పొలిమేర దాటని పల్లె

ఒక యూరి ఘనతను చెప్పవలసివచ్చినప్పుడు మనము సాధారణముగా ఆ యూరి కోటను, కోవెలను, అచట పుట్టిన పండితులను పేర్కొందుము. ఈ మాసమున మేము మీకు పరిచయము చేయదలచిన పల్లెలో కోట లేదు; అచట రాజులు పుట్టలేదు. ఒక యాపత్కాలమున ఆ యూరి సామాన్య సంసారులు పొరుగు గ్రామములవారి మేలు తలంచి తమ పొలిమేర దాటకుండిరి. అదియే దాని ఘనత.

ఇంగ్లండు నడిమిభాగమున డెర్బీషైరు అను మండలము కలదు. అందలి కొండల నడుమ నున్న యీ పల్లె పేరు ఈమ్. రాతియిండ్లు, పచ్చిక బయళ్లు, గొఱ్ఱెల మందలు, పూర్వము సీసపు గనులు, ఇవి ఆ యూరి సంపద. చర్చి యావరణమున సుమారు 8వ శతాబ్దమునాటి చెక్కడపు రాతిసిలువ నేటికిని నిలిచియున్నది.

1665వ సంవత్సరమున లండను నగరమున ప్లేగు మహామారి చెలరేగి వేలకొలది జనులను పొట్టన బెట్టుకొనెను. ఆ యేడు లండనునుండి ఈమ్ గ్రామములోని యొక దర్జీ యింటికి బట్టల మూట వచ్చినదనియు, తడిసిన యా బట్టలను పనివాడగు జార్జి వికర్సు మంటయొద్ద ఆరబెట్టెననియు, వానిలో దాగియున్న రక్తము పీల్చు చిన్న పురుగులే తెగులును తెచ్చినవనియు చెప్పుదురు. సెప్టెంబరు మాసారంభమున వికర్సు మరణించెను. ఆ యింటి యిల్లాలు మేరీ మొదట కొడుకులను, తరువాత భర్తను పోగొట్టుకొనెను. ఆమె యొక్కతె బ్రతికి మిగిలెను.

చలికాలమున కొంత తగ్గిన తెగులు మఱుసటి వేసవిలో విజృంభించెను. కలిగినవారు కొందఱు ముందే వెడలిపోయిరి. తక్కినవారును మూటలు గట్టుకొని పోయినచో చుట్టుపట్ల గ్రామములకెల్ల తెగులు వ్యాపించును. అప్పుడు చర్చి గురువు విలియము మాంపెసన్, అతనికి పూర్వము ఆ పదవినుండి తొలగింపబడిన థామస్ స్టాన్లీ యను వృద్ధ గురువు ఏకమైరి. వీరిద్దఱికిని మతవిషయమున పొత్తు కుదరదు. అయినను 1666 జూను మాసమున చేయి చేయి కలిపి జనులనొప్పించి, ఎవ్వరును పొలిమేర దాటరాదని కట్టడి చేసిరి. చర్చి తలుపులు మూసి, కక్లెట్ డెల్ఫ్ అను పల్లపు బయలులో, కుటుంబమునకు కుటుంబము ఎడముగా నిలువబడి ప్రార్థనలు సలిపిరి. ఎవరి యింటివారిని వారే తోటలలో, పొలములలో పాతిపెట్టుకొనవలసినదని నిర్ణయించిరి.

మఱి వారికి తిండి యెట్లు? చాట్స్‌వర్తు సౌధమందున్న డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపెను. పొరుగూళ్లవారు ఎల్లరాతికడ సరకులు దించి పోవుచుండిరి. ఈమ్ ప్రజలు ఆ రాతి గుంటలలో పులికాడి పోసి, అందు నాణెములు వేసి వెల చెల్లించుచుండిరి. పులికాడి దోషమును హరించునని వారి విశ్వాసము. గుంటలతోగూడిన యా రాయి నేటికిని చూడవచ్చును.

ఈ కట్టడి భారమెంతటిదో ఇల్లాండ్రను చూచిన తెలియును. మాంపెసన్ తన యిద్దఱు పసిబిడ్డలను ముందుగనే దూరప్రాంతమునకు పంపివేసెను. భార్య కాథరీన్ మాత్రము భర్తను విడిచిపోనొల్లక, రోగులకు పరిచర్య చేయుచు ఆగస్టు మాసమున మరణించెను. తల్లి పోయిన సంగతిని బిడ్డలకు తెలుపుచు అతడు వ్రాసిన జాబు నేటికిని నిలిచియున్నది. ఊరిబయట రైలీ యను పొలమున ఎలిజబెత్ హాంకాకు అను నిల్లాలు ఎనిమిది దినములలో భర్తను, ఆర్గురు బిడ్డలను పోగొట్టుకొని, తోడు వచ్చువారు లేక, ఒంటరిగా గోతులు త్రవ్వి పాతిపెట్టెను. ఆ సమాధులు పొలము నడుమ చిన్న రాతిగోడలో నున్నవి.

1666 నవంబరునాటికి తెగులు శమించెను. మృతులు సుమారు 260 మంది. చుట్టుపట్ల పల్లెలకు అది పాకలేదు. అయితే, అందఱు నొకచోట నుండుటవలననే మరణములు హెచ్చినవనియు, దరిద్రులకు పోవుటకు వేఱు చోటెక్కడిదనియు నేటి చరిత్రకారులు కొందఱు వాదింతురు. తన బిడ్డలను పంపివేసిన గురువు ఇతరులను నిలుపుట న్యాయమా యని యడుగువారును కలరు. ఈ ప్రశ్నలు త్రోసివేయదగినవి కావు. మేమును వానికి తేలికగా సమాధానము చెప్పజాలము. కాని ఎలిజబెత్తు వంటివారు చెల్లించిన మూల్యము ఆ ప్రశ్నలవలన తగ్గిపోదు, మఱింత బరువెక్కును.

ఆ పల్లె తన చరిత్రను గాజుపెట్టెలోనే దాచుకొనలేదు. అచట ప్రదర్శనశాల యున్నది, నిజమే. కాని నాడు తెగులు సోకిన యిండ్లలో నేటికిని కాపురములు జరుగుచున్నవి; గోడలమీది పలకలు అందు మరణించినవారి పేళ్లు చెప్పుచున్నవి. ఏటేట ఆగస్టు చివరి ఆదివారమున జనులు కక్లెట్ డెల్ఫునకు నడచిపోయి ప్రార్థింతురు. ఆ దినములలోనే డెర్బీషైరు సంప్రదాయము ననుసరించి నీటిబావులను అలంకరింతురు. నానబెట్టిన కొయ్యపలకలకు తడిబంకమట్టి మెత్తి, దానిపై చిత్తరువు గుర్తించి, పూరేకులు, ఆకులు, నాచు, గింజలు ఒక్కొక్కటిగా అద్దుదురు. పలువురు కూడి దినములతరబడి చేసిన యా చిత్రము కొలదిదినములలో వాడిపోవును. మఱుసటి యేడు మరల మొదలు. పెద్దలకడ పిల్లలు నేర్చుకొందురు.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి లోకమెల్ల తలుపులు మూసికొన్నప్పుడు ఈమ్ పేరు మరల పలువురి నోట వినబడెను. గడప దాటకుండుట యెంత కష్టమో మనమును ఆ దినములలో ఎఱిగితిమి. మన యిండ్లలోను కొందఱు పోయిరి. కొందఱిని కడసారి చూచుటకైనను నోచుకొనలేదు. వారి పేళ్లను, పోయిన తిథిని, నాడు అన్నము పంపిన పొరుగింటివారి పేళ్లను ఒక పుస్తకమున వ్రాసియుంచుడని మా మనవి. ఏడాదికొక దినము ఆ పుటను తెఱచి పిల్లలకు చదివి వినిపింపుడు. మూడువందల యేండ్లు దాటినను ఎలిజబెత్తు పేరు మనకు తెలియుచున్నదన్న, ఎవరో యట్లు చెప్పుచు వచ్చుటచేతనే కదా!