కట్టాల్సింది మన చేను కాదు, తియ్యాల్సింది కింది నోరు

చేలో మురుగు తియ్యాలి. ఎవరు కాదన్నారు? నీళ్ళు నిలిస్తే వరి వేరు కుళ్ళుద్ది, దుబ్బు పిలక పెట్టదు. ఆ మళ్ళల్లో ఊడ్చేదీ, బోదెలు తవ్వేదీ మనమే, మనకి ఒకరు చెప్పాలా! మనం అడిగేది ఒక్కటే. ఆసామి చేలోంచి తీసిన నీరు ఎక్కడికి పోతోంది?

మన చెక్కలోకి.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో మెరక మాగాణి ఎవరి చేతుల్లో ఉందో అందరికీ తెలుసు. ఎవరికీ అక్కర్లేని పల్లమే చాలా ఊళ్ళలో మనకి అసైన్డు భూమి అయింది. అది అమ్మితే చెల్లదని 1977లో చట్టం చేశారు. (ముంచితే చెల్లదని మాత్రం రాయలేదు.) 2023లో సవరించి, ఇరవయ్యేళ్ళు దాటిన వాటిని అమ్ముకోవచ్చన్నారు. మునిగిన చెక్కని ఎవడు కొంటాడు? మురుగు వదిలిన ఆ గట్టు పక్కవాడే, వాడు చెప్పిన రేటుకే. మురుగుతోనే భూమి లాక్కునే ఉపాయం ఇది.

మురుగు బోదె కిందనుంచి తవ్వుకు రావాలి. ముందు డ్రైను దగ్గర నోరు తెరవాలి, తూటాకు, గుర్రపుడెక్క లాగెయ్యాలి, ఆ తర్వాతే పైకి. పార పట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతే. మరి పైనుంచి మొదలెట్టి సరిగ్గా మన గట్టు దగ్గరే ఎందుకు ఆపుతున్నారు? డబ్బులు చాల్లేదట!

అన్నలారా, అక్కలారా, ఈ వేసవిలో బోదె పనికి పిలుపొస్తే ముందు కింది నోరు తీయించండి. అందాకా పార ఎత్తొద్దు.